మూషిక పూజకు విచ్చేసిన వారికి వందన సమర్పణ

కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్ళకిచ్చే శిక్షణ పుస్తకం కోసం, సభల్లో మాట్లాడటం ఎలా అన్న విషయం మీద నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. నన్నే ఎందుకడిగారంటే, అడగదగ్గ వాళ్ళందరూ రిటైరైపోయారు. నాకింకా ముప్పై మూడేళ్ళే. కానీ ఊళ్ళమీద తిరిగే పని నుంచి ఆఫీసు కుర్చీలోకి మార్చేశారు కాబట్టి, మైకు ముందు నుంచి నేనూ రిటైరైనట్టే. జ్ఞాపకాలు రాసుకోవడానికి ఆ అర్హత చాలు. మన వైపు అంతకన్నా తక్కువ అర్హతతో ఆత్మకథలే వచ్చాయి.

ముందే చెబుతున్నాను, ఇందులో మహోపన్యాసం ఏదీ లేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఘట్టం లేదు. చప్పట్లు లేకుండా లేచి నిలబడిన ఘట్టాలు మాత్రం బోలెడున్నాయి. నేను మైకు పట్టుకోగానే లేచేవాళ్ళు.

దానికి కారణముంది. తొంభైల చివర్లో నేను బందరు ఆఫీసులో చేరాను. రైతులకు సలహాలు చెప్పే ఆఫీసు. అందరికంటే చిన్నవాణ్ణి గనక ప్రతి సభలోనూ వందన సమర్పణ నా నెత్తిన రాశారు. మొదటిసారి గుడివాడ దగ్గర ఒక ఊళ్ళో. పామిడిముక్కల నుంచి మా అమ్మ ఇస్త్రీ చేసి పంపిన చొక్కా వేసుకుని, రెండ్రోజులు బట్టీపట్టిన కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళాను. "ఇప్పుడు వందన సమర్పణ" అని నా పేరు పిలవగానే సభ మొత్తం ఒక్క మనిషిలా లేచింది. మర్యాద కాబోలనుకుని నేను కూడా దణ్ణం పెట్టాను. వాళ్ళు నా పక్క నుంచి వెనక్కి వెళ్ళిపోయారు. వెనకాల పులిహోర పొట్లాలు పంచుతున్నారు.

మన జిల్లాలో వందన సమర్పణ అంటే విస్తళ్ళు వేశారని అర్థం. అది ఆ రోజే తెలిసింది. నేను మాత్రం కాగితం వదల్లేదు. అధ్యక్షులకు, ముఖ్య అతిథికి, మైకు సెట్టుకి, షామియానాకి, ఖాళీ కుర్చీల సాక్షిగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. కుర్చీలు మడతపెడుతున్న టెంట్ హౌసు అతనొక్కడే నావైపు చూసి, "పర్లేదండీ" అన్నాడు.

మా ఆఫీసులో వక్త అంటే బాబాయిగారు. మా సీనియర్. ఆయన వంశంలో అందరూ బడిపంతుళ్ళు, ఈయనొక్కరే దారితప్పి వ్యవసాయంలోకొచ్చారు. ఆఫీసంతా ఆయన్ని బాబాయి అనేది, ఊళ్ళల్లో పంతులుగారు అనేవాళ్ళు. గొంతు గంట కొట్టినట్టుండేది. లేవగానే "వేదికనలంకరించిన" అని మొదలుపెట్టి, వేదిక మీద వాళ్ళని హోదా వారీగా, కింద వాళ్ళని వయసు వారీగా, రాలేకపోయిన వాళ్ళని కారణాల వారీగా తలుచుకునేవారు. అసలు విషయానికొచ్చేసరికి ముందు వరసలో పెద్దాయన ఒకరు కునుకు తీసి లేచేవారు కూడా. అయినా జనానికి ఆయనంటే ఇష్టం. ఒకసారి సభ అయ్యాక ఒక రైతుని, ఎలా ఉందండీ ఉపన్యాసం అనడిగాను. బ్రహ్మాండం అన్నాడు. దేని గురించి మాట్లాడారు అన్నాను. కాసేపు ఆలోచించి, "అదే, మన గురించేగా" అన్నాడు.

ఇక మా ఆఫీసరుగారు. పురుగుల గురించి, తెగుళ్ళ గురించి, ముఖ్యంగా ఎలుకల గురించి ఆయనకు తెలియంది లేదు. కానీ మైకు ఆయన వైపు తిప్పితే పురుగుమందు డబ్బా మూత తీసినట్టు మొహం పక్కకి తిప్పేసుకునేవారు. "నమస్కారం" అని, మిగతాది పంతులుగారు చెబుతారని కూర్చునేవారు.

ఈ ఇద్దరి మధ్యన నన్ను వక్తగా తీర్చిదిద్దే బాధ్యత బాబాయిగారు తీసుకున్నారు. గొంతు తెరుచుకోవాలంటే సముద్రపు గాలికి ఎదురు నిలబడి మాట్లాడాలి, చేతులు కట్టుకోకుండా ఆడించాలి, మాట విరిచే చోట చెయ్యి పైకెత్తాలి అన్నారు. సరేనని పొద్దున్నే గిలకలదిండి వెళ్ళాను. రేవులో పడవలు వచ్చేశాయి, చేపల వేలం జరుగుతోంది. నేను కాస్త ఎడంగా నిలబడి "రైతు సోదరులారా" అని సాధన మొదలుపెట్టాను. మాట విరిచిన ప్రతిచోటా చెయ్యి పైకెత్తాను. నాలుగోసారి ఎత్తేసరికి వేలం పాడే ఆయన నావైపు వేలు చూపించి, "చొక్కా బాబుకే" అన్నాడు. ఒక బుట్ట మాగ చేప నాదైపోయింది.

వద్దంటే ఊరుకునే మనుషులు కారు. ఆ బుట్టతో సిటీ బస్సెక్కితే కండక్టరు బుట్టకి కూడా మర్యాదిచ్చి వెనక సీటు మొత్తం ఖాళీ చేయించాడు. ఆ రోజు ఆఫీసులో పంచుకున్న వాళ్ళందరూ నా చేతి విసురు అద్భుతమన్నారు. బాబాయిగారు శాకాహారి కాబట్టి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. అభినయం గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు కూడా.

ఇది చదివి మీరు నేర్చుకోవలసింది, ఎవరి ముందు చెయ్యెత్తుతున్నామో చూసుకోవాలని. మిగతా పుస్తకాలు దీన్నే శ్రోతలను అర్థం చేసుకోవడం అంటాయి.

అసలు సంగతి ఆ మరుసటేడు దివిసీమలో జరిగింది. పాలకాయతిప్ప వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఇవతల ఒక ఊరు. కాలవ చివరి ఊరు కాబట్టి నీళ్ళు అందరికంటే ఆలస్యంగా వస్తాయి, ఎలుకలు మాత్రం అందరికంటే ముందొస్తాయి. వరి పొట్టకొచ్చే వేళకి కన్నాల్లోంచి బయటికొచ్చి దుబ్బులు కొరికేస్తాయి. దీనికి మందుంది. ముందురోజు సాయంత్రం చేలో ఉన్న కన్నాలన్నీ మట్టితో మూసేయాలి. మర్నాడు పొద్దున తెరుచుకున్న కన్నంలో ఎలుక ఉన్నట్టు లెక్క. అందులో మందు కలిపిన నూకల పొట్లం వేయాలి. అంతే. కాకపోతే ఊరంతా ఒకే పొద్దున వేయాలి. ఒకరు వేసి ఒకరు మానేస్తే ఎలుకలు గట్టు దాటి పక్క చేలో కాపురం పెడతాయి, నాలుగు రోజులాగి తిరిగొస్తాయి.

అంతకుముందు ఏడాది బాబాయిగారు అక్కడ మాట్లాడారు. చప్పట్లు మార్మోగాయి. మందు పెట్టింది సగం మంది. మిగతా సగానికి నాయకుడు ప్రెసిడెంటుగారు, ఊళ్ళో పెద్ద రైతు. ఆయన లెక్క ఆయనకుంది. పక్కవాడు పొట్లాలు పెడతాడు కదా, మన ఎలుకలు కూడా అక్కడికే వెళ్ళి తింటాయి కదా, మనకెందుకు శ్రమ అని. ఆ లెక్కలో తప్పు ఎలుకలకు తప్ప ఎవరికీ కనిపించలేదు.

ఆ లెక్కకి నష్టపోయింది ఒక కౌలు రైతు. నడివయసావిడ. భర్తకి ఆరోగ్యం సరిగా లేక సేద్యం తనే చూసుకునేది. ఆవిడ చేసే రెండెకరాలూ సరిగ్గా ప్రెసిడెంటుగారి పొలాల నడుమ ఉన్నాయి. ఆవిడ మేం చెప్పినట్టే పొట్లాలు పెట్టింది. చుట్టూ పెట్టలేదు. పంట సగానికి సగం పోయింది. మరుసటేడు కార్తీకం మొదట్లో బందరు వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రానంది. ఈసారి కూడా పంట పోతే చేను ఇంకొకళ్ళకిచ్చేస్తామని ఆసామి చెప్పేశాడట.

"మీటింగు బాగా పెట్టారు బాబూ పోయినేడు," అంది నాతో. "ఈసారి బాగా పెట్టకపోయినా పర్లేదు. వాళ్ళచేత మందు పెట్టించండి చాలు."

బాబాయిగారు లోపల ఫైలు చూస్తున్నారు. విన్నారని నాకు తెలుసు. పేజీ తిప్పలేదు.

సభ రామాలయం ముందు పందిట్లో అనుకున్నాం. చాటింపుకి మైకు ఆటో మాట్లాడాం. ఆటో అతను గిలకలదిండివాడు, నా ఈడువాడే. చేపల బుట్ట సంగతి తెలిసినప్పట్నుంచీ నన్ను బావా అనేవాడు. బాబాయిగారు ప్రకటన స్వయంగా రాసిచ్చారు. "సామూహిక మూషిక నిర్మూలనా కార్యక్రమం" అని. ఎలుకల మందు అంటే సరిపోదా అన్నాను. సభకో హుందాతనం ఉండాలన్నారు.

సభ రోజు పొద్దున మేం ముగ్గురం జీపు దిగేసరికి పందిరి కిక్కిరిసి ఉంది. బాబాయిగారి ముఖం వెలిగిపోయింది. నాకెక్కడో తేడా కొట్టింది. ముందు వరసలన్నీ ఆడవాళ్ళు. తలస్నానాలు చేసి, పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నారు. ఒళ్ళో పళ్ళేలు. పళ్ళేల్లో కొబ్బరికాయలు, గరిక, పసుపూ కుంకుమా, ఒక పక్కగా మూతపెట్టిన గిన్నెలు. మూత సందులోంచి ఆవిరి. ఉండ్రాళ్ళు.

పందిరి వెనక్కెళ్ళి ఆటో అతన్ని పట్టుకున్నాను. మైకు కాస్త కొట్టుకుందన్నాడు. ఎంత కొట్టుకుందంటే, మధ్య మధ్యలో వినిపించలేదట. ఏం వినిపించిందిరా అంటే, నిజాయితీగా చెప్పాడు.

"సామూహిక... మూషిక... రామాలయం దగ్గర. ఇంతవరకూ క్లియర్ బావా."

కార్తీక మాసం. ఊరూరా సామూహిక దీపారాధనలు, సామూహిక వ్రతాలు. మన ఆడవాళ్ళకి సామూహిక అన్న మాట చెవిన పడితే మిగతాది వినక్కర్లేదు, కొబ్బరికాయ కోసం లేస్తారు. పైగా మూషికం. మూషికం అంటే ఎవరి వాహనమో పసిపిల్లలకీ తెలుసు. చవితి వెళ్ళి రెణ్ణెల్లు అయ్యీ కాకముందే మళ్ళీ వినాయకుడి పూజ ఏమిటా అని కొందరికి అనుమానం వచ్చిందట గానీ, బందరు వాళ్ళు జీపేసుకుని వచ్చి చేయిస్తున్నారంటే ఏదో విశేషం ఉండే ఉంటుందని సర్దుకున్నారు. ఆడవాళ్ళు వచ్చారు గనక మగవాళ్ళూ వచ్చారు. చర్చి వైపు నుంచి కూడా కొందరొచ్చి వెనక నిలబడ్డారు. ప్రెసిడెంటుగారి భార్య ముందు వరసలో, అందరికంటే పెద్ద పళ్ళెంతో.

ఆవిడ వెనకాల కౌలు రైతు. ఆవిడ చేతిలో పళ్ళెం లేదు. సభ దేనికో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. నావైపు చూసింది. ఆ చూపుకి అర్థం అడక్కండి.

పరిస్థితి అర్థమైందిగా. వినాయకుడికి ఉండ్రాళ్ళు తెచ్చిన ఊరికి, ఆయన వాహనాన్ని ఎలా చంపాలో వివరించాలి.

ఆఫీసరుగారు నమస్కారం అని కూర్చున్నారు. బాబాయిగారు లేచారు. "వేదికనలంకరించిన" అన్నారు. పళ్ళేలు చూశారు. ఆగిపోయారు. అన్నేళ్ళలో ఆయన ఆగడం మేమెవరం చూడలేదు. ఆటో అతను కూడా మైకు పోయిందేమోనని తీగ కదిలించాడు. బాబాయిగారు నా చెవి దగ్గరికి వంగి, "వందన సమర్పణ ముందు కానిచ్చేద్దాం" అన్నారు.

నేను లేచాను. జనం లేవలేదు. వందన సమర్పణకి లేవని జనాన్ని చూడటం నాకదే మొదలు. ప్రసాదం ఇంకా వాళ్ళ ఒళ్ళోనే ఉంది మరి. జేబులో కాగితం ఉంది గానీ, అందులో ఉన్నదంతా కృతజ్ఞతలే. మైకు పక్కన పెట్టి వేదిక దిగాను. ధైర్యం కాదు, అది మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇది పూజ కాదు," అన్నాను. "ఎలుకల మందు మీటింగు. మైకులో సరిగ్గా వినపడలేదు, తప్పు మాదే."

నా జీవితంలో నేను ఒక సభలో చెప్పిన మొదటి పొట్టి వాక్యాలు అవి. ఎంత బాగా అర్థమయ్యాయంటే, పందిట్లో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ముందు వరసలో ఒక ముసలమ్మ గిన్నె మూత గట్టిగా నొక్కింది, ఉండ్రాళ్ళు మాకు కనబడకూడదన్నట్టు.

"ఆయన వాహనాన్ని చంపుతారటయ్యా," అంది. "అదీ మాచేత ఉండ్రాళ్ళు వండించి."

"ఆయనకి వాహనం ఒక్కటే మామ్మగారూ," అన్నాను. "ఇక్కడ చేలో ఉన్నవన్నీ ఆయనవే అంటే, ఆయన ట్రావెల్స్ నడుపుతున్నట్టు."

వెనక మగవాళ్ళు నవ్వారు. ముందు వరస నవ్వలేదు. నవ్వించాం కదా గెలిచామనుకోకండి. నవ్విన వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూసుకోండి.

అప్పుడు కౌలు రైతు లేచింది. ఆవిడేమీ గొంతు పెంచలేదు. పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టే ముసలమ్మతో అంది.

"ఆయన ఎలకైతే ఆయన గుళ్ళో ఉండ్రాళ్ళు తింటుంది పెద్దమ్మా. పోయినేడు నా చేలో తిన్నది ఎవరెలక? అందరం ఒక్కరోజు మందు పెట్టకపోతే ఈసారి నాకు చేను లేదు. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావో."

ముసలమ్మ ఏమంటుందోనని ఊరంతా చూస్తోంది. ప్రెసిడెంటుగారు కండువా సర్దుకున్నారు. చివరికి ముసలమ్మ గిన్నె మీద నుంచి చెయ్యి తీసింది.

"చెప్పకుండా చేస్తే తప్పు. ఆయనతో ఒక మాట చెప్పి చేస్తే తప్పేముంది," అంది.

నేను బాబాయిగారి వైపు తిరిగాను. ఆ గంటలాంటి గొంతు దేనికి పుట్టిందో నాకు అప్పుడు తట్టింది. "బాబాయిగారూ, పూజ చేయించండి. సంకల్పం మాత్రం తెలుగులో చెప్పించండి. అందులో మన సంగతి పెట్టండి," అన్నాను.

ఆఫీసరుగారు కంగారుపడి, ఇది మన రూల్సులో ఉందా అని గొణిగారు. కూడదని కూడా లేదండీ అన్నాను.

పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేశారు. బాబాయిగారు చెప్పులు విడిచి, కండువా నడుముకి చుట్టుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ అక్షతలు పెట్టించారు. సంకల్పం చెప్పేటప్పుడు గోత్రం, పేరు చెప్పుకోవాలన్నారు. వెనకనుంచి చర్చి వైపు పెద్దమనిషి ఒకాయన, "మాకు వినాయకుడు లేడండీ, ఎలుకలు మాత్రం ఉన్నాయి. మేమేం చెప్పుకోవాలి?" అనడిగాడు.

జవాబు వేదిక మీద నుంచి వచ్చింది. మైకంటే జడిసే మా ఆఫీసరుగారి నుంచి.

"గోత్రం లేని వాళ్ళు సర్వే నంబరు చెప్పుకోండి."

ఊరంతా నవ్వింది, ఈసారి ముందు వరసతో సహా. ఆయన జోకనుకోలేదు. ఆయనకది నిజంగానే సరైన పద్ధతి అనిపించింది.

బాబాయిగారు కళ్ళు మూసుకున్నారు. వేదికనలంకరించిన వాళ్ళని ఎవరినీ తలుచుకోలేదు.

"కృష్ణమ్మ రెండు పాయల నడుమ, ఈ ఊళ్ళో, ఈ కార్తీకంలో, మా చేలు పొట్ట మీదున్న వేళ, రేపు సాయంత్రం కన్నాలన్నీ మూసి, ఎల్లుండి పొద్దున ఏడింటికి, తెరుచుకున్న ప్రతి కన్నంలో ఒక పొట్లం, ఊరంతా ఒక్కసారే పెడతామని నీకు చెప్పుకుంటున్నాం స్వామీ. నీ ఎలుకని నువ్వు దగ్గర పెట్టుకో."

ఊరంతా ముక్క ముక్కా తిరిగి చెప్పింది. గోత్రాలు వినిపించాయి, సర్వే నంబర్లు వినిపించాయి, చివర్లో వెనక నుంచి రెండు మూడు ఆమెన్‌లు కూడా వినిపించాయి. ప్రెసిడెంటుగారి భార్య తన పేరు చెప్పి, ఆయన పేరు కూడా గట్టిగా చెప్పి, ఆయన తరఫున అక్షతలు తనే వేసేసింది. ఆయన లెక్క అక్కడితో అయిపోయింది. ప్రభుత్వానికిచ్చిన మాటైతే తప్పించుకునేవాడే. భార్య దేవుడికిచ్చేసింది.

మీరు రేపు ఏ సభలో మాట్లాడాల్సి వచ్చినా ఆ సంకల్పాన్ని ఒకసారి తలుచుకోండి. ఎక్కడున్నాం, ఎప్పుడు, ఎవరం, ఏం చెయ్యబోతున్నాం, ఎందుకు. ఒక్క ఊపిరిలో అయిపోతుంది. మన పెద్దలు ప్రతి పూజకి ముందూ చెప్పించిన ఉపన్యాసం అది. మనం దాన్ని వదిలేసి షామియానాకి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాం.

ఉండ్రాళ్ళు పంచాక ఆఫీసరుగారు కింద చాప మీద కూర్చుని పొట్లం ఎలా కట్టాలో చూపించారు. చుట్టూ ఆడవాళ్ళు. వంటింటి గిన్నెల్లో కలపొద్దని, చేత్తో ముట్టుకోవద్దని, పశువులనీ పిల్లల్నీ ఆ దరిదాపులకి రానివ్వద్దని, ఒకటికి రెండుసార్లు చెప్పారు. మైకు లేకపోతే ఆయన ఎంత చక్కగా మాట్లాడతారో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ముసలమ్మ నూకలు పట్టి చూసి, విరగని బియ్యం దేవుడికి, విరిగిన బియ్యం ఎలక్కి, బానే ఉంది అంది.

మూడో రోజు పొద్దున మేం వెళ్ళేసరికి మంచులో గట్ల మీద జనం. ప్రెసిడెంటుగారు పొడుగు కర్ర పట్టుకుని తన కన్నాలు తనే వెతుక్కుంటున్నారు. ఆయన వెనకాలే భార్య, ఒక్కటి కూడా వదలకుండా చూసుకుంటూ. నడుమ రెండెకరాల్లో కౌలు రైతు పొట్లాలు పెట్టేసి, గట్టు మీద కూర్చుని నాలుగు వైపులా చూస్తోంది. సినిమా చూస్తున్నంత హాయిగా ఉంది ఆవిడ ముఖం.

సంక్రాంతి దాటాక ఆవిడ మళ్ళీ బందరు వచ్చింది. ఈసారి మెట్ల మీద కూర్చోలేదు. సరాసరి లోపలికొచ్చి, పంట ఇల్లు చేరిందని, వచ్చే ఏడు కూడా చేను తనదేనని చెప్పింది. ఊళ్ళో వాళ్ళు వచ్చే కార్తీకంలో మూషిక పూజ ఎప్పుడు పెడతారో కనుక్కు రమ్మన్నారట. మందు పెట్టడం అనట్లేదు, పూజే అంటున్నారు.

నేను కాస్త ముందుకి జరిగి, ఆ రోజు నేను మాట్లాడింది ఎలా ఉందన్నాను.

"మీరేం మాట్లాడారు బాబూ?" అంది. నిజంగానే గుర్తులేదావిడకి. తర్వాత బాబాయిగారి బల్ల దగ్గరికెళ్ళింది.

"మీరు చెప్పింది మాత్రం అక్షరం మర్చిపోలేదండీ పంతులుగారూ. రేపు సాయంత్రం మూసి, ఎల్లుండి పొద్దున ఏడింటికి, ప్రతి కన్నంలో ఒక పొట్లం, ఊరంతా ఒక్కసారే. మా చిన్నది కూడా ఆడుకుంటూ అదే అంటది."

పాతికేళ్ళుగా ఆయనకి చప్పట్లు కొట్టిన వాళ్ళున్నారు గానీ, ఆయన మాట తిరిగి ఆయనకి అప్పజెప్పిన వాళ్ళు లేరు. బాబాయిగారు జేబురుమాలు తీశారు. కంట్లో దుమ్ము పడిందన్నారు.

ఆయనది సోడాబుడ్డి కళ్ళజోడు. ఆ రోజు కిటికీలు కూడా వేసే ఉన్నాయి. నేనేమీ అనలేదు. ఎక్కడ మాట్లాడకూడదో అప్పటికి కాస్త నేర్చుకున్నాను.